రేవు దగ్గర దిగిన తోడికోడలు

నా వయసు నలభై ఆరు. డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకు కారు నేర్పుతాను. నా భర్త లేరు. అత్తగారు, మరిది, అతని భార్య, నేను ఒకే ఇంట్లో ఉంటాం. అతని భార్యను, అంటే నా తోడికోడలిని, అందరం చిట్టి అని పిలుస్తాం. ఆమెను నేను ఎత్తుకుపోయి ఎక్కడో దాచానని మరిది ఫిర్యాదు ఇచ్చాడు. దాని మీద మీరు అడిగితే చెబుతున్నాను.

శనివారం పొద్దున రెండు కార్లలో బయలుదేరాం. సముద్రం పక్క రోడ్డు వెంట రెండు రోజులు తిరిగి రావాలని మరిది అనుకున్నాడు. ముందు కారులో అతను, అత్తగారు. వెనక స్కూలు కారులో సామాను, చిట్టి, నేను. ఎండ మండిపోతోంది. చిట్టి మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుంది. నేను అడగలేదు. వాళ్ళ గదికీ నా గదికీ మధ్య గోడ ఒక్కటే.

పెట్రోలు బంకు దాటాక ముందు కారు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. అప్పుడు చిట్టి, "అక్కా, ఎడమకి తిప్పు" అంది.

"ఎందుకే? అటేముంది?"

"ఏమో. తిప్పు."

తిప్పాను. ఎందుకు తిప్పావని మీరు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఆమె తిప్పమంది, తిప్పాను.

అది ఉప్పుమడుల మధ్య మట్టిరోడ్డు. మరిది నుంచి ఫోను వచ్చింది. చిట్టి నా ఫోను తీసి సీటు కింద పెట్టింది. అక్కడ కూడా మోగింది.

"తియ్యనా?"

"వద్దక్కా."

కాసేపటికి మళ్ళీ ఎడమకి తిప్పమంది. తర్వాత కుడికి. ఒక దారి పడవలు చేసే షెడ్డు ముందు ఆగిపోయింది. అక్కడ ఒకతను చెక్కల సందుల్లో నూలు కూరుతున్నాడు. "ఎక్కడికెళ్ళాలమ్మా?" అన్నాడు.

"అదే తెలియట్లేదు బాబాయ్" అని చిట్టి నవ్వింది. అతనూ నవ్వాడు. ఆమె పళ్ళు కనపడేలా నవ్వి చాలా రోజులైంది. కారు వెనక్కి తీశాను.

గట్టు మీదికి వచ్చాక, "నేను నడుపుతా" అంది. ఆమెకు కారు నేర్పడానికి ఇంట్లో ఎప్పుడూ ఒప్పుకోలేదు. స్కూలు కారులో పక్క సీటు దగ్గర కూడా బ్రేకు ఉంటుంది. లైసెన్సు లేని మనిషికి కారు ఇచ్చాను. అది తప్పే, రాసుకోండి.

"క్లచ్ మెల్లగా వదలవే. కప్పలా గెంతుతోంది బండి."

"గెంతనీ అక్కా, ముందుకేగా."

కారు రెండుసార్లు ఆగిపోయింది. తర్వాత కదిలింది. నేను బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నాను. నొక్కలేదు.

రేవు దగ్గర రోడ్డు అయిపోయింది. ఏరు సముద్రంలో కలిసే చోటు అది. మధ్యాహ్నం రెండు కావస్తోంది. పడవలోకి మనుషుల్నీ సైకిళ్ళనీ మాత్రమే ఎక్కిస్తున్నారు. చిట్టి ఇంజను ఆపి తాళం నా చేతిలో పెట్టింది. డిక్కీ తెరిచి తన చిన్న సంచి తీసుకుంది. అది సామాను అన్నిటికీ పైనే ఉంది.

"నువ్వూ రా అక్కా" అంది.

"కారు ఎక్కడ పెట్టను?" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. తర్వాత పడవ ఎక్కింది. పడవ అవతలి ఒడ్డు చేరేదాకా నిలబడ్డాను. ఆమె చెయ్యి ఊపలేదు. నేనూ ఊపలేదు. ఎదురు ఎవరూ రాలేదు. ఒడ్డెక్కి ఒక్కతే నడిచింది. అవతల ఏ ఊరుందో నాకు తెలియదు. కారు ఎక్కడ పెట్టను అన్నాను. రేవు దగ్గర పది కార్లు పట్టేంత చోటుంది.

తిరిగి పెద్దరోడ్డు మీదే వచ్చాను. రాత్రికి దిగాల్సిన బస దగ్గర మరిది, "చిట్టి ఏదీ?" అన్నాడు. "దిగింది" అన్నాను. రాయి తీసుకుని కారు అద్దం పగలగొట్టాడు. అత్తగారు మెట్ల మీద కూర్చుండిపోయారు. చాలాసేపటికి, "ఏమైనా తిని వెళ్ళిందా?" అని నన్ను అడిగారు. లేదని చెప్పాను.

ఎవరి భయమూ లేకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాను. రాసింది నాకు చదివి వినిపించారు. ఒక్కచోట మార్చమన్నాను. "తప్పిపోయిన స్త్రీ" అని ఉంది. "వెళ్ళిపోయిన స్త్రీ" అని రాయమన్నాను. అలా ఎక్కడా రాయరమ్మా అన్నారు స్టేషను రైటరు గారు. తర్వాత కొట్టేసి రాశారు. ఆ కొట్టివేత పక్కన ఒక సంతకం, ఇక్కడ ఒక సంతకం చేశాను.

(సంతకం)