బల్ల దగ్గర ఆఖరి చోటు

కూర్చోవే టోరా. వచ్చిన దగ్గర్నుంచీ ఆ సంచి ఒళ్ళోంచి దించడం లేదు, అందులో ఏముందో నాకు తెలియదనుకుంటున్నావా? బెర్గెన్ పట్నం వెళ్ళి పాత చర్చి పుస్తకాలు చూస్తానన్నప్పుడే అనుకున్నాను, ఇది ఊరికే వెళ్ళడం లేదని. ముందు కాఫీ తాగు. చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని తాగు, కప్పులో వేసి కలపకు. ఓవ్రెబో ఇంట్లో అలా కలిపినవాళ్ళు లేరు. సున్నీవ గురించే కదూ? మా అమ్మ గురించి. ఊఁ, చెప్పు. కాదు, ఆగు. ముందు నాకు తెలిసింది నేను చెప్తాను. నాకు తెలిసిందీ నీ పుస్తకంలో ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూద్దాం, ఏది నిలబడుతుందో.

నాకు తెలిసింది ఎంతని. నాకు మూడేళ్ళప్పుడు వెళ్ళిపోయింది. పెళ్ళి కాకుండా నన్ను కన్నది, పెద్దింటి పిల్ల, ఇంకెలా ఉంచుతారు? నన్ను మా అమ్మమ్మ ఉంచుకుంది, దాన్ని పంపేసింది. గుర్తుందా అంటే, మొహం గుర్తు లేదు. ఒక్కటే గుర్తు. చలికాలం నా పాదాలు రెండూ తన చంకల్లో పెట్టుకుని పడుకునేది. అంత వెచ్చదనం నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు, మీ తాతయ్య పక్కన కూడా, దేవుడు నన్ను క్షమించాలి. అమ్మమ్మ దగ్గర ఆ పేరు ఎత్తకూడదు. ఒకసారి ఎత్తాను, ఆరేళ్ళుంటాయేమో. నూలు వడుకుతున్న చెయ్యి ఆపకుండా, "మీ అమ్మ కొండ దాటింది. మళ్ళీ ఇటు చూడదు. వీపు నిటారుగా పెట్టి కూర్చో, బ్రితా," అంది. అంతే. అప్పట్నుంచీ మేకలు పితికేటప్పుడు నేను కొండకి వీపు పెట్టి కూర్చునేదాన్ని. అమ్మ నాకేసి చూడకపోతే నేనెందుకు చూడాలి? మేకలు మాత్రం అటే తిరిగేవి, వాటికేం తెలుసు. ఆ నల్లకొమ్ముల మేక ఒకటుండేది, దొంగముండ, ఎన్నిసార్లు కట్టినా... సరే, దాని సంగతి వదిలెయ్.

ఇప్పుడు గుమాస్తా ఓమున్ సంగతి చెప్పాలి. నవ్వకు. అవును, చర్చి గుమాస్తా ఓమునే. ఆయన పోయినప్పుడు నేను సాగనంపడానికి వెళ్ళలేదు, మీ తాతయ్యని కూడా వెళ్ళనివ్వలేదు, ఆ ముక్క సముద్రపు పాయకి అటూ ఇటూ అందరికీ తెలుసు. ఎందుకో మాత్రం నేనెవరికీ చెప్పలేదు. నీకు చెప్తున్నాను. పదిహేనేళ్ళకి పాస్టరు ముందు నిలబడి మతపాఠాల ప్రశ్నోత్తరి ఒప్పజెప్పాలి కదా, అప్పుడే ప్రభువు బల్ల, అదే, రొట్టే ద్రాక్షరసమూ తీసుకోనిచ్చేది. ముందుగా ఓమున్ చదివించి చూసేవాడు, బాగా చదివినవాళ్ళు చర్చిలో ముందు నిలబడతారు, చదవలేనివాళ్ళు చివర. ఊరంతా చూస్తుంది. నాకేమో అక్షరాలు నిలవవు. పట్టుకోబోతే చేపల్లా జారిపోతాయి, ఇప్పటికీ అంతే, నా పేరు నేను రాసుకోగలను, అంతటితో సరి. కానీ నాకు చెవులున్నాయి! మా పనిమనిషి గూరో సాయంత్రాలు పైకి చదివేది, నేను ఉన్ని దువ్వుతూ వినేదాన్ని. పుస్తకం పుస్తకమంతా నోటికొచ్చేసింది. ఓమున్ ముందు నిలబడి, పుస్తకం చేతిలో పట్టుకుని, కళ్ళు దించుకుని గడగడా చదివాను. గూరో ఎక్కడ దగ్గేదో అక్కడ ఆగాను కూడా. ఆయన వింటున్నాడు, వింటున్నాడు, మెల్లిగా, "బ్రితా, పేజీ తిప్పు," అన్నాడు. పేజీ చివరికొచ్చి ఎంతసేపయిందో! నేను తిప్పడం మర్చిపోయాను. పిల్లలంతా గొల్లుమన్నారు. పడవలు కట్టేవాడి కూతురు ఈడ అయితే బెంచీ మీంచి జారిపడింది. దాని కూతురిదే కదూ ఇప్పుడు రేవు దగ్గర కొట్టు? అందుకే నేను అక్కడ ఉప్పు కూడా కొనను.

ఆదివారం ఓమున్ నన్ను ఆఖర్న నిలబెట్టాడు. ఓవ్రెబో పిల్లని! చర్చిలో మొదటి బెంచీ మాది, అటువంటిది నన్ను మొద్దు హాల్దోర్ తర్వాత నిలబెట్టాడు, దేవుడికి ఎంతమంది కొడుకులంటే వేళ్ళు లెక్కపెట్టుకునేవాడి తర్వాత. అమ్మమ్మ మొదటి బెంచీలో వీపు నిటారుగా పెట్టి కూర్చుంది, ఇటు తల తిప్పలేదు. మళ్ళీ వారం, శరత్తులో వచ్చే మికెల్ పండగ ఆదివారం, బల్ల దగ్గరికి కూడా అదే వరస. ఊరివాళ్ళు ముందు, ఆ తర్వాత కొత్తగా తీసుకునే పిల్లలం, చివర్న పొరుగూరినుంచి వచ్చినవాళ్ళు. పేర్లు శనివారం నాడే రాయించుకోవాలి, ఓమున్ రాసిన వరసలోనే మోకరించాలి. నాకు ఇటు పక్క హాల్దోర్, అటు పక్క ఎవరో కూలిమనిషి. కొత్త గౌను, నల్ల ఉన్నిది, అమ్మమ్మ వెండి బిళ్ళ నా గుండెల మీద. ఆ మనిషి చెయ్యి బల్ల ముందున్న కమ్మీ మీద నా చేతి పక్కనే ఉంది. గోళ్ళ చుట్టూ పగుళ్ళు, వాటిలో తారు నలుపు. పొగ వాసన. నేనేం చేశానో తెలుసా? తగలకుండా గౌను అంచు లాక్కున్నాను. అంతవరకూ గుర్తుంది. ఆ రొట్టె నా నోట్లో ఏడుపుతో కలిసి ఉప్పగా దిగింది, అదంతా ఓమున్ చేసిన అవమానమే అనుకున్నాను. అరవై ఏడేళ్ళయింది.

ఇంకోటి. ఇరవై నాలుగేళ్ళకి నాకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు, ఎందుకో, అమ్మకి ఒక్కసారి కబురు పెట్టాలనిపించింది. రమ్మని కాదు. నాకు ఇల్లూ వాకిలీ ఏర్పడుతున్నాయని తెలియాలి, అంతే. అమ్మమ్మ మంచంలో ఉంది, అడిగే వీలు లేదు. పళ్ళు బిగబట్టుకుని ఓమున్ దగ్గరికి వెళ్ళాను. పుస్తకాలన్నీ ఆయన దగ్గరేగా. "సున్నీవ ఓవ్రెబో ఎక్కడుందో చూసి చెప్పు," అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి, "ఆ పేరుతో ఇప్పుడెవరూ లేరు బ్రితా. ఎక్కడుంటే అక్కడి పేరే కదా మనకి. ఏ చోటికి వెళ్ళిందో అది అడుగు, ఆ పేరు అడుగు," అన్నాడు. నాకు తెలియదా? మన వైపు మనిషి ఏ పొలం మీద బతికితే ఆ పొలం పేరే ఇంటిపేరు, పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా నా నోటికి వచ్చింది ఏంటంటే, "ఓవ్రెబోలో పుట్టినవాళ్ళు పేరు మార్చుకోరు. ఏ కౌలు గుడిసె పేరో మా అమ్మకి తగిలించకు!" అని. "కూర్చో, బ్రితా. ఒక్క మాట," అన్నాడు. ఆయన మాట నేనెందుకు వినాలి? తలుపు వేసిన విసురుకి గోడ మీద గడియారం ఆగిపోయిందని తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు. బాగా అయింది అనుకున్నాను.

ఇదీ నాకు తెలిసింది. ఇప్పుడు నీ కాగితాలు తియ్యి. ఫోటోలే తీయించావా? పుస్తకం పేజీకి ఫోటో! సరే, చదువు. మెల్లిగా... బ్రెక్కె? కొండ అవతల బ్రెక్కె అంటే రాళ్ళ నేల కదే, రెండు మేకలకి కూడా గడ్డి పుట్టదు. సున్నీవ బ్రెక్కె. ఎవరావిడ? తోర్‌స్టైన్ కూతురు, పుట్టింది ఓవ్రెబో... మా తాత పేరు తోర్‌స్టైన్. ఊఁ. అయితే కౌలు గుడిసే. మొగుడు కూడానా? మంచివాడేనా? పుస్తకంలో అవి రాయరులే. పిల్లలు? లేరూ. నేనొక్కదాన్నే అన్నమాట. ఎప్పుడు పోయింది? ...ఏ ఏడాది అన్నావు? కాదు, తప్పు చదివావు. మళ్ళీ చదువు. అప్పటికి నాకు ముప్ఫై ఒకటి. మీ అమ్మ అప్పటికి నడుస్తోంది. అంటే నేను ఓమున్ దగ్గరికి వెళ్ళిన నాడు ఆవిడ ఉంది. ఆ తర్వాత ఏడేళ్ళు ఉంది. ఒక్క రోజు నడక, టోరా. మేకల దారిన వెళ్తే పొద్దున బయల్దేరి సాయంత్రానికి చేరొచ్చు.

ఆగు, కాఫీ వద్దు నాకు. ఇంకా ఏదో ఉంది నీ దగ్గర, మొహం చెప్తోంది. మన చర్చి పుస్తకమా? బల్ల తీసుకున్నవాళ్ళ పేర్లా? మికెల్ పండగకి... ఏటా? పొరుగూరివాళ్ళ వరసలో? ఎన్నేళ్ళు అన్నావు, పన్నెండా? పన్నెండు శరత్తులు ఆ కొండ దాటి వచ్చి, శనివారం పేరు రాయించుకుని, ఆదివారం వెనక బెంచీలో కూర్చుని... నేను మొదటి బెంచీలో. నా జడ చూసి వెళ్ళేదన్నమాట. వీపు నిటారుగా పెట్టుకుని కూర్చునేదాన్ని, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. అమ్మమ్మ తిరగనిచ్చేది కాదు. ఆవిడకి తెలుసు. ఆవిడకీ తెలుసు, ఓమున్‌కీ తెలుసు. ఆ పేరు ఏటా రాసింది ఆయన చెయ్యేగా, పాస్టరుకి చేతివణుకు.

ఆఖరుసారి ఎప్పుడు? నేను బల్ల తీసుకున్న ఏడాదా. చదువు. నలభై, హాల్దోర్. ఊఁ. నలభై ఒకటి, బ్రితా ఓవ్రెబో. నలభై రెండు...

కాదు, చదవకు. అర్థమైంది.

ఇంత చిన్న అవమానానికి ఎంత కాలం కోపం మోశాను... ఈడలాగా నిజంగా చదివుంటే నన్ను ముందు నిలబెట్టేవాడు. నాకూ ఆవిడకీ మధ్య పద్నాలుగు మంది ఉండేవాళ్ళు. నేను పేజీ తిప్పలేదు గనక... ఆయన కావాలనే నిలబెట్టాడో లేదో నాకు తెలియదు. అడగడానికి లేడు. ఆ తర్వాత ఏడాది నుంచి ఆవిడ పేరు లేదంటున్నావు. ఎందుకు రాలేదో రాశారా? రాయరులే. గౌను అంచు సంగతి ఎవరు రాస్తారు.

ఇటు తే ఆ ఫోటో. నా పేరు నేను గుర్తుపట్టగలను, ఇదిగో, ఇదే కదూ? దాని కింద ఉన్నదేనా? ఇదా, ఈ పొడుగు గీతతో మొదలయ్యేది? నా వేలు తీసి దాని మీద పెట్టు. సరిగ్గా పెట్టు. ఇంత దగ్గరగా రాశాడు, సిరా ఒకదాన్నొకటి తగులుతోంది.

ఆ పొయ్యిలో ఇంకో కట్టె వెయ్యవే టోరా. నా కాళ్ళు చల్లబడ్డాయి.