పట్టా వచ్చాకే గోపురం

పీసాలో ఒరిగిన గోపురం ముందు తల్లీకూతుళ్ళు నిలబడి ఉన్నారు. అరవై దాటిన తల్లి తలమీద, ఆ ఉదయం పట్టా అందుకున్నప్పుడు పెట్టిన ఆకుల కిరీటం ఇంకా అలాగే ఉంది.

“ఈ మోకాళ్ళతో ఎక్కుతావా అమ్మా? హాయిగా ఆర్నో నది ఒడ్డున కూర్చుని ఐస్‌క్రీమ్ తిందాం పద.”

“నలభై ఏళ్ళు ఆగానే. చదువు పూర్తికాకుండా గోపురం ఎక్కితే పట్టా రాదని ఈ ఊళ్ళో చదివేవాళ్ళందరికీ భయమే.”

“చదువు మానేసి మందుల షాపులో చేరాక కూడా ఎక్కలేదుగా.”

“ఎక్కితే ఆశ వదులుకున్నట్టేగా. మీ నాన్న ఎన్నిసార్లు పిలిచాడో. పీసా అంటేనే పడని పక్క ఊరు లివోర్నో మనిషి, ఆయనకేం తెలుస్తుంది?”

“నాన్న వింటే రాత్రి భోజనం దగ్గర యుద్ధమే.”

“పెళ్ళైనప్పటి నుంచీ అదేగా మా కాలక్షేపం.”

“నేను కడుపులో పడ్డాననేగా చదువు మానేశావు.”

“అవును. దానికి ఒక్కరోజు కూడా బాధపడలేదు. పద, మనిద్దరికీ టికెట్లు తీశాను.”

“నువ్వెళ్ళిరా. నేను కిందే ఉంటాను.”

“ఎత్తంటే భయమా?”

“కాదు.”

“మరేంటి? నువ్వు చదువు మధ్యలో వదిలేసి పదేళ్ళయింది. నీకింకా ఈ పట్టింపు దేనికి?”

“నిన్న మళ్ళీ చేరానమ్మా.”

తల్లి కూతురి భుజం పట్టుకుని వెనక్కి తిప్పింది.

“అయితే ఇక్కడ గుమ్మం దగ్గర నిలబడతావేంటే? దూరంగా జరుగు. ఇంకా. ఆ గడ్డి అవతలికి వెళ్ళి నిలబడు.”