మా నర్సింగం తాగుడు మానిన ముచ్చట

ఏంది బిడ్డా, నర్సింగం గురించా? మీ చిన్నతాత ముచ్చట గిప్పుడెందుకే హారతీ? సరే, కూసో. నా సొంత తమ్ముడేగని చెప్తున్న, అంత పనికిమాలినోన్ని నేను మళ్ల సూడలే. జోల్వా అనే ఊర్ల బట్ట నేసే సాంచల మీద పనిచేస్తుండె. చెయ్యి మంచిదే, పోగు తెగితె కండ్లు మూసుకోని అతికేటోడు. గా చేత్తోనే సారపొట్లం పట్టిండు. మేమున్న గుజరాత్‌ల మందు బందట. ఏడ బందు? పాలపాకిట్ దొరకని గల్లీల గూడ పొట్లం దొరుకుతది. రెండోసారి కరోనా వచ్చింది సూడు, గప్పుడు వాని పెండ్లాం రాజమ్మకు జరమొచ్చింది. దవాఖానల మూడు దినాలు ఉన్నది, అంతే. ప్లాస్టిక్‌ల చుట్టి తీస్కపోయిన్రు, మొఖం గూడ సూపియ్యలే. ఇగ వీడు పొద్దున లేస్తె పొట్లమే. దుఃఖమట. ఊరంత పీనుగులు లేస్తుంటె దుఃఖం వీనికొక్కనికే వచ్చిందా? మొఖం మీదనే అడిగిన, "పెండ్లాం ఉన్నప్పుడు గూడ తాగినవ్ గదరా, గప్పుడేం దుఃఖముండె?"

గట్లుంటె సాంచల కాడి లింగమూర్తి వాన్ని అమ్రోలిల తాగుడు మానెటోళ్ల మీటింగుకు తీస్కపోయిండు. ఆయన గూడ పాత తాగుబోతే. ఐతారం ఐతారం ఇరవై మంది కూసుంటరు. ఒక్కొక్కడు లేసి, నేను ఫలానా, తాగుబోతును అని వచ్చీరాని హిందీల తన కథ చెప్తడు, మిగిలినోళ్లు ఇంటరు. గోలి లేదు, సూది లేదు. ఏడ్సుకుంట ముచ్చట్లు చెప్తె తాగుడు పోతదా అని నేను మస్తు నవ్విన. చాయ్ బిస్కిట్ల కోసం పోతున్నడన్న. నాలుగు నెలలు పోయిండు, నోరిప్పలేదట, గని తాగుడైతె ఆపిండు. నేన్నమ్మలే. ఓ ఐతారం ఇంటోళ్లు గూడ రావొచ్చంటె తమాషా సూద్దామని పోయిన.

ఆ దినమే లేసిండు వాడు. రాజమ్మకు ఊపిరాడని నాడు పగటి పూట తను తాగి గోడకు కూలబడ్డడట. కండ్లకు కనబడుతున్నదట, కాళ్లు లేవలేదట. ఆమెనే పాక్కుంట పోయి, రిక్షా పిలువుమని పక్కింటి తలుపు కొట్టిందట. లోపల టీవీ మోగుతున్నదట, ఎవ్వరు తియ్యలేదట. దవాఖానకు పోయేటాలకు ఆలస్యమైందట. ఆఖరికి ఏమన్నడో తెలుసా? "వాళ్లు కరోనాకు భయపడ్డరు. నేను తాగి ఉన్న. నేను నిలబడగలిగితె ఆమె ఆ తలుపు కొట్టేదే కాదు."

పక్కిల్లు ఎవరిదనుకున్నవ్? మాదే. టీవీ ముంగట కూసున్నది నేను. నా పెండ్లాం, మీ అవ్వ, తలుపు తియ్య లేవబోతె చెయ్యి పట్టి కూసోబెట్టింది నేను. వాడు నా దిక్కు సూడలే, పేరు తియ్యలే. బయటికొచ్చినంక, చాయ్ తాగుదామా అన్నా అని అడిగిండు, గంతే. తర్వాత ఏడాది బతికిండు. ఒక్క చుక్క ముట్టలే. సాంచ కాడనే గుండె ఆగి పోయిండు.

దినాలైనంక లింగమూర్తి వచ్చి, తమ్ముని గురించి రెండు మాటలు చెప్పు, మీటింగుకు రా అన్నడు. నేను తాగుబోతును కాదయ్యా, నాకు చెప్పుకునేదేముంటది అన్న.

ఏంది గట్ల సూస్తవ్? పో, మీ అమ్మ పిలుస్తున్నది.