తూరు రాజు ముచ్చట

కోరుట్ల చర్చిలో క్రిస్మస్ ఆరాధన ముగిసింది. వెనకాల వంటపొయ్యిల దగ్గర, ముఖ్య అతిథిగా వచ్చిన ఉద్యమ నాయకుడు నర్సన్న కిష్టవ్వను నిలబెట్టి నిలదీస్తున్నాడు. ఆమె ఒక్క కొడుకు సురేశ్ జైల్లో ఉన్నాడు.

"నిజం జెప్పు. గా వాక్యం ఎవలు సదువమన్నరు?"

"ఏ వాక్యం అన్నా?"

"ఏ వాక్యమా! బైబిల్ల తూరు రాజుది. నేనే దేవుణ్ణని విర్రవీగిండట, దేవుడు వాణ్ణి గుంతల తోసిండట. గదే!"

"ఎన్నటిదో రాజు ముచ్చట. మీకెందుకన్నా గంత కోపం?"

"నువ్వు సదువుతుంటె అందరు నా దిక్కే జూసిండ్రు!"

"మీ దిక్కెందుకు జూసిండ్రు?"

"ఎకసెక్కాలా? తెలంగాణ కోసం రోడ్లమీద వడి తిరుగుతున్న. జనం నా ఫ్లెక్సీకి పాలు వోస్తున్నరు, తెల్సా?"

"తెలువకేం! నన్ను గూడ పొయ్యమంటిరి. బొమ్మకు మొక్కుడు మాకు లేదంటి. తెల్లారే, బస్సు కాలవెట్టింది సురేశే అని ఠాణాల ఎవలో జెప్పిండ్రు."

"నేను జెప్పిన్నని ఎవలన్నరు?"

"మీరని నేనన్ననా?"

"సరే, నేనే జెప్పిన. ఏంజేస్తవ్? నేనంటెనే లోపలికి వోయిండు, నేనంటెనే బయటికొస్తడు. గీ ఊళ్ళె నీకు నేనే దేవుణ్ణి."

"ఊళ్ళెనేనా, ఇంట్ల గూడనా?"

"ఇంట్ల గూడ! నా పెండ్లాం లత పొద్దుగాల నా కాళ్ళు మొక్కంది చాయ ముట్టది. మాట మార్చకు. ఎవలెంచిండ్రు గా వాక్యం? చర్చి అయ్యగారా?"

"పాపం, ఆయననెందుకంటరు!"

"పేరు జెప్పు, నీ కొడుకును ఇడిపిస్త. చెప్పకుంటె వాని పాస్‌పోర్టు, దుబాయి పోవుడు, అన్ని మర్సిపో."

"చెప్తె వాళ్ళనేం జేస్తరు?"

"మట్టి గరిపిస్త."

"గట్లనా. జర జరుగుండ్రి, అన్నం దించాలె."

"కిష్టవ్వా!"

"పోయినామె ఈపాటికి చేరే ఉంటది. ఇగ దాచుడెందుకు! పండుగనాడు అన్నం పెట్టినోళ్ళే వాక్యం ఎంచుడు మా చర్చి పద్ధతి. గీ యేడు అన్నం ఎవలది?"

"నాదే! బియ్యం, యాటలు, అన్ని నా ఇంట్లకెళ్ళే వచ్చినయ్."

"తెచ్చిచ్చింది లతమ్మ. తానే దేవుణ్ణనుకున్నోని ముచ్చట మీ గ్రంథంల ఏమన్న ఉన్నదా కిష్టవ్వా అని అడిగింది. ఉన్నదమ్మా అన్న. గదే సదువమన్నది."

"లతనా? యాడున్నది? లోపలున్నదా?"

"ఠాణాకు వోయిందన్నా. బస్సు కాలిన పొద్దు సురేశ్ మీ ఇంటికి సున్నమేస్తుండెనని సాక్ష్యం జెప్పనీకి."