తగ్గకూడని నొప్పి

మొగుణ్ణి ఇంటికి తీసుకుపోదామని రేవు పక్కనున్న ఆసుపత్రికి బున్నమ్ వచ్చేసరికి, ఆయన మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. పేషెంటు గ్వాంగ్‌సిక్ మాత్రం తోడొచ్చినవాళ్లు పడుకునే పొట్టి బల్ల మీద ముడుచుకుని కూర్చున్నాడు.

"ఎక్కడయ్యా నొప్పి? చెయ్యి పెట్టి చూపించు."

"ఇక్కడే. కాదు, ఇంకాస్త కింద."

"అపెండిక్సు తీసింది కుడివైపు. నువ్వు ఎడమవైపు చూపిస్తున్నావు."

"నొప్పి కదే, తిరుగుతూ ఉంటుంది. కాస్త మెల్లగా మాట్లాడు."

"మాట్లాడను. కుట్లు ఎప్పుడో విప్పేశారు. నీ తర్వాత చేరిన పక్క మంచమాయన ఇంటికెళ్లి, ఇంకో రోగంతో వచ్చి, అది కూడా తగ్గించుకుని పోయాడు. అక్కడ మన పాముచేపల పులుసు కొట్టు మూతపడి ఉంది. కిమ్చీ పచ్చడికని క్యాబేజీలు ఉప్పునీళ్లలో నానబెట్టాను. మీ అక్క కారం కలిపి, చేతులకి తొడుగులేసుకుని, తమ్ముడేడీ తమ్ముడేడీ అని కూర్చుంది."

"అక్క వచ్చిందా? అయితే ఇంకో వారం ఉంటాను."

"ఏమన్నావు?"

"నొప్పి అన్నాను."

"డాక్టరు ఏమన్నాడు? అది చెప్పు."

"తాక్ డాక్టరుగారా? ఆయనకి పాపం ఊపిరాడని పని."

"నిన్ను పంపేస్తే ఒక మనిషి తగ్గుతాడుగా!"

"ఎక్కడ తగ్గుతాడే? నేను పోతే కొత్తవాడు వస్తాడు. కొత్తవాడంటే పరీక్షలు, కోతలు, కుట్లు. నేనైతే పాతవాణ్ణి, నాతో ఏ పనీ లేదు. నన్నెంతకాలం ఉంచుకుంటే ఆయనకి అంత సుఖం."

"ఎవరు నేర్పారయ్యా నీకీ లెక్క? అది సరే, తెర ఎందుకు లాగావు?"

"గాలి."

"కిటికీ మూసే ఉంది."

"అదే, ఉన్న గాలి పోకుండా."

"ఏమయ్యోయ్! మంచంలో ఎవరో ఉన్నారు. కాళ్లు కనిపిస్తున్నాయి."

"నా కాళ్లే."

"నీ కాళ్లు నీ దగ్గరే ఉన్నాయి! ఎవరది? ఆ నర్సా? బోరా బంగారం, బోరా దేవత అని ఫోన్లో తెగ పొగిడావు..."

"మామ్మగారూ, బోరాని నేనేనండీ. మీ వెనకాలే ఉన్నాను."

"మరి లోపలెవరమ్మా?"

"తాతగారు చెప్పలేదా? తాక్ డాక్టరుగారు. ఇప్పుడే కన్నంటుకుంది, అరవకండి."

"డాక్టరా? పేషెంటు మంచంలోనా?"

"ఆపరేషన్లు చేసేవాళ్లు ముగ్గురుండేవారండీ. ఒకాయన సియోల్ వెళ్లిపోయాడు. ఒకావిడ పురిటికెళ్లింది. మిగిలింది ఈయనే. తన గదిలో పడుకుంటే తలుపు బాది లేపేస్తారు. ఇక్కడ తెర వేసుంటే పేషెంటుని చూస్తున్నారు అనుకుంటారు."

"మరి ఆ పేషెంటుకి నొప్పి ఉండాలిగా బున్నమ్!"

"నువ్వు నోరు ముయ్యి. ఎప్పట్నుంచి ఈ నాటకం?"

"కుట్లు విప్పిన రోజు నుంచి. నా పొట్ట మీద చెయ్యి పెట్టి, అలాగే నా మీదికి ఒరిగిపోయాడే. లేపబుద్ధి కాలేదు. నిద్రలో 'కత్తెర' అని చెయ్యి చాచాడు. భయమేసి చెంచా పెట్టాను. లేచాక, ఇప్పుడెలా ఉంది పెద్దాయనా అన్నాడు. ఆ ముఖం చూశాక బాగుందని ఎలా చెప్పను?"

"మామ్మగారూ, నిద్ర లేనినాడు ఈయన ఎవర్నీ ఇంటికి పంపరండీ. ఎవర్ని చూసినా అనుమానమే, రేపు చూద్దాం అంటారు. తాతగారు నొప్పి పడుతున్నప్పట్నుంచే మిగతావాళ్లు తొందరగా ఇళ్లకి పోతున్నారు."

"అంటే ఈయన ఉండిపోతేనే ఊరంతా ఇంటికెళ్తుందా?"

"అంతేనండీ."

"నా తలరాత! ఆ డాక్టరు మేజోడు చూడు, బొటనవేలు బయటికొచ్చింది. పెళ్లయిందా?"

"అయిందండీ. ఇద్దరు పిల్లలు. భార్య మొన్న ఇక్కడికి ఫోన్ చేసి, బతికే ఉన్నారా అని అడిగింది."

"తిండి?"

"నువ్వు పంపిన పులుసంతా ఈయనకే పోశానే."

"అద్భుతంగా ఉందన్నావు!"

"ఆయనే అన్నాడు. నేను నీకు చెప్పాను."

"హు. లే. ఆ ఆసుపత్రి బట్టలు విప్పు."

"తీసుకుపోతావా? నేను పోతే ఈయన ఎక్కడ పడుకుంటాడే? కొత్తగా వచ్చేవాడికి నిజంగా నొప్పి ఉంటుంది!"

"తెలుసు. నువ్వెళ్లి మీ అక్క పక్కన కూర్చుని ఆకు ఆకుకీ కారం పట్టించు. కొట్టు తెరువు. అమ్మాయ్ బోరా, ఈయన్ని పంపేసి ఆ మంచం నాకు రాయి. నాకు ఉన్నట్టుండి కళ్లు తిరుగుతున్నాయి."

"అయ్యో మామ్మగారూ, అలా కుదరదు, ముందు డాక్టరుగారు చూడాలి కదా..."

"చూశాను."

"డాక్టరుగారూ! మీరు నిద్రపోలేదా?"

"మీ ముగ్గురూ పోనిస్తేగా. అమ్మా, కళ్లు తిరుగుతున్నాయంటే మిమ్మల్ని పై అంతస్తులో వేరే డాక్టరు దగ్గరికి తోసేస్తారు. పిత్తాశయంలో రాళ్లని అనుమానం అనండి, అది నా కిందకే వస్తుంది. లేవని తేల్చడానికి నాకు తీరికుండదు."