తలుపు అవతల నాన్న

హైమకు ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆసుపత్రిలో సూదిమందుతో తగ్గాక, కదలొద్దనీ కంగారు పడొద్దనీ డాక్టరు గట్టిగా చెప్పారు. మర్నాడు ఉదయం, క్లెమెంటిలోని తమ ఫ్లాట్ దగ్గర మూడేళ్ళ బాబుని చూసుకుంటున్న భర్త, ఆసుపత్రిలో ఆమె మంచం పక్కనున్న ఫోన్‌కి సెల్ నుంచి చేశాడు.

“నువ్వేం కంగారు పడకు. బాబు బంగారంలా లోపల ఆడుకుంటున్నాడు.”

“లోపలా? మరి మీరెక్కడున్నారు?”

“కారిడార్లో. ఆఫీసు కంప్యూటర్ల వైటూకే పనిమీద మేనేజర్ ఫోన్ చేస్తే, వీడి గోలకి వినపడక బయటికొచ్చాను. వీడు తలుపు నెట్టేశాడు. లాక్ పడిపోయింది. తాళంచెవి లోపలే ఉంది.”

“స్టవ్?”

“ఆర్పేశాననే గుర్తు.”

హైమ కడుపు మళ్ళీ బిగుసుకుంది. దానిమీద చెయ్యి వేసుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకుంది.

“ఉండండి, ఇంటి ఫోన్‌కి నేను చేస్తాను.”

నాలుగో రింగుకి బాబు ఎత్తాడు.

“కన్నా, తలుపు పిడి కిందికి లాగు. నాన్న బయటున్నారు.”

“నో, అమ్మా. నాన్న ఆఫీస్ గో!”

“లేదురా, ఆఫీసు అయిపోయింది. తియ్యి.”

ఫోన్లో తలుపు తెరిచిన చప్పుడైంది. ఆమె కడుపు సడలింది. కాసేపటికి భర్త రిసీవర్ అందుకున్నాడు.

“చూశావా, స్టవ్ ఆర్పే ఉంది. అంతా నా కంట్రోల్లోనే ఉంది.”

“వాణ్ణి తీసుకుని ఇక్కడికి రండి.”

“నీకు రెస్ట్ కావాలన్నారుగా?”

“అందుకే. మీ ఇద్దరూ కళ్ళెదుట ఉంటేనే నాకు రెస్ట్.”