సున్నాను సున్నాగానే చూసిన మేడమ్‌గారికి

1989 జూలై మూడవ తేదీన మా సరస్సు పరిశోధన కేంద్రంలో గణాంక సహాయకురాలిగా చేరిన మేడమ్‌గారు, ముప్పై ఆరేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన వ్యాసంలో ఆనందం వ్యక్తం చేయడం మర్యాద. నాకు మాత్రం భయంగా ఉంది, పెద్దలు మన్నించాలి.

తొలి పదేళ్ళు చేపపిల్లల లెక్కలను గళ్ళ కాగితాలపై చేత్తోనే వేసిన వారు, కంప్యూటర్ వచ్చాక వానను, నీటి వేడిమిని, వలలో పడిన చేపపిల్లల సంఖ్యను జోడించి, రాబోయే ఏళ్ళలో సరస్సులో ఎన్ని చేపలు మిగులుతాయో అంచనా కట్టే గణిత నమూనాను రూపొందించారు. ప్రతి నివేదికనూ సంతకానికి ముందు, వారం వారం వల వేసి పట్టికలో లెక్క రాసే మా పడవాయనకు చదివి వినిపించేవారు. ఆయన తల ఊపనిదే కాగితం గది దాటేది కాదు. "ఇక్కడ ఆఫీసరెవరు, పడవ సరంగెవరు?" అని చాటుగా నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

పదమూడేళ్ళ క్రితం, నేను కొత్తగా చేరినప్పుడు, పడవాయన పట్టికలో ఒక్కసారిగా చాలా సున్నాలు కనిపించాయి. బద్ధకించి వల వేయలేదనుకుని, వాటిని చెరిపి పక్క వారాల సగటుతో నింపాను. గ్రాఫులో గీత కన్నులపండువగా వచ్చింది. మేడమ్‌గారు సెలవులో ఉండటంతో, పడవాయనకు చదవకుండానే పైకి పంపేశాను. తిరిగొచ్చాక వారు ఆ గీతను చూసి అడిగారు.

"సరస్సు ఇంత బుద్ధిగా ఎప్పట్నుంచి ఉంటోందయ్యా?"

"కొన్ని వారాలు వల వేసినట్టు లేదండీ. అందుకే సగటు పెట్టాను."

"వెయ్యకపోతే అడ్డగీత పెడతాడు. సున్నా పెట్టాడంటే, వేశాడు, ఏమీ పడలేదని. కాగితం మీదైతే ఎన్నయినా ఈదుతాయిలే."

మర్నాడు నన్ను పడవెక్కించారు. ఏడుచోట్ల వల వేశాం. ఏడుసార్లూ నీళ్ళోడుతూ ఖాళీగానే వచ్చింది. "రాసుకోండి బాబూ," అన్నాడు పడవాయన, అంతే. ఏడు సున్నాలు రాసుకున్నాను.

పై అధికారుల సమావేశంలో మేడమ్‌గారు "మా లెక్క తప్పు" అన్నారే గాని నా ఊసెత్తలేదు. ఆ సున్నాలతో మళ్ళీ వేస్తే, ఇరవయ్యేళ్ళలో సరస్సులో చేప గుడ్డు పెట్టడం ఆగిపోతుందని తేలింది. ఆనాటి నుంచి ప్రతి ఏడాది లెక్కా ఆ అంచనాకు అతికినట్టే వస్తోంది. ఆ గడువుకు ఇంకా ఏడేళ్ళున్నాయి. వారి పట్టుదల వల్ల, వచ్చే ఏడాది నుంచి చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ సరస్సులోకి కొత్తనీరు వచ్చేలా నీటి గేట్లు తెరిచేందుకు అనుమతి లభించింది.

"అది సరిపోతుందాండీ?" అని నిన్న అడిగాను.

"తెలీదయ్యా. భయంగానే ఉంది," అన్నారు. వారి నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

రేపటి నుంచి ఆ సంతకం నాది. మళ్ళీ ఏ అందమైన గీతకో ఆశపడతానేమోనన్నదే నా భయం.

మేడమ్‌గారూ, శ్రీవారితో, మనవరాలితో మీరు సంపూర్ణ ఆరోగ్యంగా మరో ముప్పై ఆరేళ్ళు హాయిగా ఉండాలి. ముఖ్యంగా ఆ ఏడేళ్ళూ గడిచి ఎనిమిదో ఏడు వచ్చేనాటికి మా మధ్య ఉండాలి. మీరు జీవితమంతా వేసిన లెక్క తప్పిందని మీ ఎదుట నిలబడి చెప్పే అదృష్టం ఆ రోజు నాకు దక్కాలి.